నా బిందె నాకే ఓటెయ్యలేదు

ఆ రోజుల్లో ఓట్లలో గెలవడమంటే ఊరు తన తాళాలగుత్తి తీసి మన కొంగున కట్టేయడమే అనుకునేదాన్ని. నాకు పెళ్లయి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. విజయనగరంలో డిగ్రీ చదివి, అందులోనూ పొలిటికల్ సైన్సు చదివి, చీపురుపల్లి దగ్గర మా అత్తవారి ఊరొచ్చి పడ్డాను. సర్పంచి సీటు ఆ విడత ఆడవాళ్లకి వచ్చింది. మా మావగారు ఊళ్లో అందరికీ కావలసిన మనిషి. తను నిలబడే వీల్లేకపోయేసరికి కోడల్ని నిలబెట్టారు. నా గుర్తు కత్తెర. ఇంటింటికీ వెళ్లి దండాలు పెట్టాను, ముక్కులు కారుతున్న పిల్లల్ని ఎత్తుకున్నాను, ఒకరింట్లో రాగి జావలాంటి చోడి అంబలి కూడా తాగాను (మా ఇంట్లో పెడితే మొహం తిప్పుకునేదాన్ని). ఎదుటి ఆవిడకి డిపాజిట్టు దక్కలేదు. మర్నాటి నుంచి ఊరంతా ‘పెసిడెంటమ్మా’ అని పిలవడం మొదలెట్టింది. ఇంక నన్ను పట్టుకోగలిగేవాళ్లు లేకపోయారు.

మా వీధి కుళాయికి తెల్లవారుజామున ఐదింటికి నీళ్లు వదిలేవారు. నాకు చిన్నప్పటి నుంచీ నిద్రంటే ప్రాణం. అత్తవారింటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ వేళకి బిందె చంకన పెట్టుకుని, కళ్లు మూసుకునే లైన్లో నిలబడుతున్నాను. పదవి రాగానే నేను తలపెట్టిన మొదటి ప్రజాసేవ ఏమిటో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. నీళ్లు వదిలే మనిషి వరసకి నాకు మరిది, ఊరందరికీ ట్యాంకు బాబు. అతన్ని పిలిచి, రేపటి నుంచి ఏడింటికి వదలమన్నాను. ట్యాంకు నీళ్లు ఒక్క విడతకే సరిపోతాయి కాబట్టి ఐదింటికీ ఏడింటికీ కూడా వదలడమన్న మాటే లేదు. అతను తల గోక్కుని, ఊరిని ఓసారి అడిగితే మంచిదేమో వొదినా అని నసిగాడు. మళ్లీ అడిగేదేమిటి, మొన్ననే కదా ఊరు చెప్పింది, దాన్నే ప్రజాతీర్పు అంటారు అన్నాను. పేపర్లో చదివి నేర్చుకున్న మాట అది. నోట్లో వేసుకుంటే మహా రుచిగా ఉండేది.

ఆ రుచి వారం తిరక్కుండానే దిగిపోయింది. ఊళ్లో సగం మంది ఆడవాళ్లు పొద్దున్నే ఆటో ఎక్కి జీడిపిక్కల పనికి వెళ్తారు. ఏడు కాకముందే ఆటో వెళ్లిపోతుంది. నీళ్ల కోసం ఆగితే కూలి పాయె, కూలికి వెళ్తే ఇంట్లో చుక్క లేకపాయె. నేను మాత్రం ముసుగు తన్ని హాయిగా నిద్రపోతున్నాను. చివరికి గ్రామసభ పెట్టక తప్పలేదు. ఆ ఆటో జనానికి పెద్దదిక్కు జీడిపిక్కలత్త. ఎన్నికల్లో నా కోసం గొంతు పోయేలా అరుస్తూ తిరిగిన మనిషి. ఆవిడ లేచి, కోపమనేది లేకుండా అడిగింది: “ఓటు నీకేసినాం పెసిడెంటమ్మా. నీల్ల టైముకి ఏసినామేటి?”

నాకు డిగ్రీ పరీక్ష గుర్తొచ్చింది. మనిషిని గెలిపించడం వేరు, ఒక్క సంగతి మీద జనాన్ని అడగడం వేరు, ఆ రెండోదాన్ని ప్రజాభిప్రాయ సేకరణ అంటారు అని రాశాను. ఏది గట్టిది అని అడిగితే, గెలుపే గట్టిదని పేజీలు నింపాను కూడా (మార్కులు బాగానే వచ్చాయి, అదే నా కొంప ముంచింది). రోషం పొడుచుకొచ్చి, సరే అడుగుదాం, ఊరు కాదంటే నాకీ పదవే వద్దు, రాజీనామా చేసి పారేస్తా అనేశాను. అన్నాక మావగారి వైపు చూశాను. నా గెలుపు కోసం ఎండనపడి చెప్పులరిగేలా తిరిగిన మనిషి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నేల చూపులు చూస్తున్నారు. నాలిక కరుచుకున్నాను గాని ఏం లాభం, ఊరంతా వినేసింది.

చేతులెత్తండి అంటే ఎవరూ తిన్నగా ఎత్తలేదు. కోడళ్లు సగం ఎత్తి, అత్తల కళ్లు చూసి, అదే చేత్తో కొప్పు సర్దుకున్నారు. అప్పుడు ట్యాంకు బాబు ఒక ఉపాయం చెప్పాడు. మా ఊళ్లో కుళాయి లైన్లో మనిషి లేకపోయినా బిందె ఉంటే ఆ ఇల్లు ఉన్నట్టే లెక్క. కాబట్టి ఇంటికో బిందె, మసక చీకట్లో ఎవరిది వాళ్లు మా వీధి కుళాయి దగ్గర పెట్టి వెళ్లిపోవాలి. ఐదింటికి నీళ్లు కావాలంటే నిలబెట్టాలి, ఏడింటికి కావాలంటే బోర్లించాలి. పొద్దున్న లెక్క చూసుకోవాలి. అందరూ భేషన్నారు. తీరా ఇళ్లకి వెళ్లాక అందరికీ ఒకేసారి తట్టింది, బిందెల మీద పేర్లు కొట్టించి ఉంటాయని. పెళ్లికి పెట్టినవీ, గృహప్రవేశానికి చదివించినవీ, పేరు లేని బిందె ఊళ్లో ఉంటే ఒట్టు. ఇక చూడండి నా సామిరంగా, ఆ సాయంత్రం ఊరంతా బిందెలు మార్చుకోవడమే పని. ఈ ఇంటిది పక్కింటికి, పక్కింటిది పై వీధికి. (ఆ తర్వాత ఎన్నాళ్లకో గాని అవి సొంత గూటికి చేరలేదు. ఒక బిందె తగువు నా దగ్గరికే తీర్పుకొచ్చింది.) మా ఇంటి బిందె అత్తగారు తీసుకెళ్లారు. పెసిడెంటుని స్వయంగా వెళ్లి పెడితే బాగోదని ఊరుకున్నాను. మా ఇంటి ఓటు ఎక్కడికి పోతుందిలే అన్న ధీమా కూడా ఉంది.

నిద్ర కోసం ఇంత రభస చేసినదాన్ని, ఆ రాత్రి కన్ను మూస్తే ఒట్టు. పదవి పోతే పోయె, మావగారు ఊళ్లో ఎలా తిరుగుతారన్నదే నా బెంగ. తెల్లారి వెళ్లి చూద్దును కదా, బోర్లించిన బిందెలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ ఆకాశం కేసి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. అన్నిటికంటే ముందు, తళతళ తోమిన ఇత్తడి బిందె ఒకటి నిటారుగా నిలబడి ఉంది. మా అమ్మ నా పెళ్లికి ఇచ్చిందే. దాని మీద నా పేరు, ఇంటిపేరుతో సహా. మా అత్తగారు ఎవరి బిందెనూ అరువు తెచ్చుకోలేదు.

జనం ఆ పేరు చదివి కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు. నేను గొంతు సర్దుకుని, అన్న మాట ప్రకారం రాజీనామా అంటూ ఏదో మొదలెట్టాను. జీడిపిక్కలత్త పూర్తి చెయ్యనివ్వలేదు. “నిన్ను దిగిపొమ్మన్నదెవులు? నీల్లు బేగి ఒదలమన్నాం, అంతే. రేపు మల్లీ ఓట్లొచ్చినా నీకే ఏస్తాం” అని తన బిందె కుళాయి కింద పెట్టేసింది. మావగారు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, హోటలు దగ్గర టీ తాగడానికి వెళ్లిపోయారు. ఆ నడక చూశాక గాని నాకు ఊపిరాడలేదు.

ఇంటికొచ్చాక మాత్రం ఉక్రోషం ఆగలేదు. ఊరంటే ఊరు, మీరు కూడానా అత్తయ్యా అన్నాను. ఆవిడ బిందెలో నీళ్లు గోలెంలో పోస్తూ, నా మొహం కూడా చూడకుండా అంది: “నిద్దర సాలకపోతే నాతో సెప్పాల గాని, ఊరితో సెప్తావేటే గుంటా?”

మర్నాడు ఉలిక్కిపడి లేచేసరికి కిటికీలోంచి ఎండ పడుతోంది. పెరట్లో గోలెం నిండి ఉంది. నా పదవీకాలం పూర్తయ్యేదాకా నేనొక్కనాడూ ఐదింటికి లేవలేదు.

ఇప్పుడు ఇంటింటికీ కుళాయి వచ్చింది. లైనూ లేదు, బిందెలతో పనీ లేదు. ఓట్ల లెక్కింపు రోజున టీవీలో ఎవరో ఒకరు దండ మెడలో ఉండగానే ప్రజాతీర్పు, ప్రజాతీర్పు అంటుంటే, నాకు పెరట్లోకి వెళ్లి ఆ ఇత్తడి బిందె ఓసారి తోమాలనిపిస్తుంది. తోమాక నీళ్లు ఓడడానికి బోర్లించాలి కదా, బోర్లించబోతూ నాలో నేనే నవ్వుకుంటాను. పాపం, ఏడింటిదాకా పడుకోవడానికి ఊరి కుళాయినే ఆపించిన పిల్ల. ఇప్పుడెంతసేపు పడుకున్నా లేపేవాళ్లు లేరు. ఐదు కాకముందే మెలకువ వచ్చేస్తోంది.