చిటుక్కుమనే పాదం

ఆవిడ ఒక్క క్షణం కుదురుగా నిలబడగా నేను చూడలేదు. హోసూరులో మేము కాలు పోయినవాళ్ళకు కార్బన్ పాదాలు చేసేవాళ్ళం. వాటిని తొడుక్కుని నడిచి చూడడం ఆవిడ పని. రోజూ మత్తూరు నుంచి బస్సులో వచ్చేది. టీ తాగేటప్పుడు కూడా ఆ పాదాన్ని సిమెంటు నేలకేసి టకటకా కొట్టి, తల వంచి వినేది.

కార్బన్ బట్టను పొరలుగా పరిచి, జిగురు పట్టించి చేసిన పాదం అది. కొన్నాళ్ళకు వేళ్ళ దగ్గర పొరలు విడిపోయేవి. పాదాలను పరీక్షించే మా మెషీను కంటే ముందే ఆవిడ ఆ సంగతి పసిగట్టేది.

"ఈడ విడిపోతా ఉండాదప్పా. చిటుక్కుమంటాంది."

ఒకసారి అలా చెప్పినా మేము పట్టించుకోలేదు. మర్నాడే కృష్ణగిరి బస్టాండులో మెట్టు దిగుతుంటే పాదం విరిగి, ఆవిడ బోర్లా పడింది.

తర్వాత జిగురు మార్చాం, వేడి మార్చాం. ఆ చప్పుడు పోలేదు.

"జిగురునే నమ్ముకుంటే ఎట్లప్పా? కుట్టండి," అంది విసుగ్గా.

కాలు పోకముందు ఆవిడ గార్మెంట్ ఫ్యాక్టరీలో టైలరు. జిగురు పట్టించకముందే పొరలన్నిటిలోంచి గట్టి దారం దించి, తానే కుట్టింది.

ఆ పాదంతో నెలల తరబడి నడిచినా చిటుక్కుమనలేదు. మేమంతా మురిసిపోయాం. ఆవిడ మాత్రం మునుపటికంటే ఎక్కువగా నేలకేసి కొడుతూ తిరిగేది.

"చప్పుడే లేదు గదక్కా, ఇంక కూర్చో," అన్నాను.

"అదేనప్పా నా భయం. పాతది విరిగేముందు చెప్తా ఉన్నింది. ఇది చెప్పదు గదా!"