అడగడం నేర్పిన మేడమ్

కుసుమకుమారి విశాఖలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ లెక్చరర్. ఎన్నెస్సెస్ సేవా కార్యక్రమాలూ ఆమే చూసేది. ఆమె రాకముందు కాలేజీలో సేవంటే బీచ్‌లో చీపుర్లు పట్టుకుని ఫొటోలు దిగడమే. ఆమె మాత్రం పిల్లల్ని ఫిషింగ్ హార్బర్ పక్క కాలనీకి తీసుకెళ్లి, జనం గోడు వినడం, వాళ్లతో కలిసి అధికారుల్ని నిలదీయడం నేర్పింది.

తెల్లారకముందే చేపల వేలానికి వెళ్లే ఆడవాళ్ల దారిలో వీధి దీపాలు వెలగడం లేదు. రాణి అనే విద్యార్థిని ఆ ఆడవాళ్లను వెంటబెట్టుకెళ్లి, వార్డు అధికారిని అందరి ముందూ నిలదీసింది. ఆయన కోపంగా ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేశాడు.

ప్రిన్సిపాల్ కుసుమకుమారినీ రాణినీ పిలిపించాడు. "ఈ అమ్మాయి చేత సారీ చెప్పించండి మేడమ్."

"చెప్పించను సార్. అడగమని నేర్పింది నేనే," అంది కుసుమకుమారి.

రాణి కూడా ఊరుకోలేదు. "లైట్లు ఎయ్యమన్నాం సార్. అందులో తప్పేటి? నాను సారీ సెప్పను."

ఆ మాటకు కుసుమకుమారి గర్వంగా రాణి భుజం తట్టింది. ఆ సాయంత్రమే ఎన్నెస్సెస్ బాధ్యత నుంచి ఆమెను తప్పించారు. మర్నాడు పిల్లలంతా ఆమె ఇంటికొచ్చారు.

"ఇప్పుడేటి సేద్దాం మేడమ్?"

"పోయింది నా పదవి. మీ నోరు పోలేదు కదా!"

వాళ్లు మళ్లీ వార్డు ఆఫీసుకు నడిచారు. ముందు రాణి, కాలనీ ఆడవాళ్లు. వెనక వరసలో కుసుమకుమారి. ఆ దారిలో దీపాలు వెలిగేదాకా వెళ్తూనే ఉన్నారు.