అడుగు పలక నెమలి

ఇప్పుడంటే అన్నం తిన్నా, ఆవలించినా ఫోటో తీసి గ్రూపుల పెట్టుడు అందరికీ అలవాటే. నాకు ఆ బీమారి ఇరవై మూడేండ్ల వయసుల అంటుకున్నది, ఇగ పోలే. అప్పుడు నేను మిర్యాలగూడల ఒక రైస్ మిల్లు ఆఫీసుల పని చేస్తుంటి. పొద్దుగాల నుంచి లారీ నంబర్లు కొట్టుడు, గేట్ పాసులు తీసుడు. నాకొక పేరున్నదన్న సంగతి ఆడ ఎవ్వనికీ అక్కర లేదు. "ఓ కంప్యూటర్!" అని పిలుస్తుండ్రి. (నిజం కంప్యూటర్‌ను అట్ల పిలిస్తే పలకదు, నేను పలుకుతుంటి, గంతే తేడా.) గసొంటి రోజుల్ల ఫోన్ల ఒక వీడియో కనవడ్డది. ఎవడో తెల్లాయన దారమంత సన్నటి బ్లేడుతోని చెక్కల జింకను కోస్తుండు, కొమ్ములతో సహా. ఇదేదో నాకోసమే పుట్టిన పని అనిపిచ్చింది. జీతం పడంగనే ఆ మిషన్ తెప్పిచ్చిన.

దాన్ని స్క్రోల్ సా అంటరు. జూస్తే కుట్టుమిషన్ లెక్కనే ఉంటది, సూది జాగాల సన్న రంపం పైకీ కిందికీ ఆడుతుంటది. మా ఇంటి ఓనరమ్మ మొదటిరోజే తలుపు దగ్గరకొచ్చి, "ఏం కుడుతున్నవ్ బిడ్డా?" అనడిగింది. "కుట్టుడు కాదమ్మా, కోసుడు" అన్న. "కోసి ఏం జేస్తవ్?" అన్నది. నేను మిషన్ ఆన్ చేసిన. బొమ్మ కాగితాన్ని చెక్క పలక మీద అతికియ్యాలె, లోపలి భాగాలకు డ్రిల్లుతోని బొక్కలు కొట్టాలె, ఒక్కొక్క బొక్కల నుంచి బ్లేడు దూర్చి, బిగిచ్చి, కోసి, మళ్ల ఊడదీసి పక్క బొక్కల దూర్చాలె. ఓపిక పని. నాకా ఓపిక ఆరోజు లేదు, ఈరోజూ లేదు. నేను కోసిన ఏనుగును జూసి ఓనరమ్మ "పంది మంచిగ వచ్చింది బిడ్డా" అన్నది పాపం, నన్ను సంతోషపెడదామనే.

ఈ పిచ్చి ఉన్నోళ్లంత కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నరు. సూర్యాపేటోళ్లు, కోదాడోళ్లు, మిర్యాలగూడోళ్లు, అంత కలిసి ముప్పై మందిమి ఉంటుంటిమి. అడ్మిన్ సూర్యాపేటల ప్లైవుడ్ దుకాణం సేటు. ఆయనకు నచ్చితే పెద్ద పెద్ద మాటలు రాస్తడు, నచ్చకపోతే ఒక బొటనవేలు బొమ్మ పెడ్తడు. నాకు వచ్చినయన్నీ బొటనవేళ్లే. ఆ వేలు జూసి జూసి నాకు కడుపు మండిపోతుండె. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి సేటు "శభాష్ తమ్మీ" అంటే చాలు, మిల్లుల జీవితమంత "ఓ కంప్యూటర్" అనిపించుకుందునని అనుకుంటుంటి.

ఆ గ్రూపుల అందరికంటే పనిమంతుడు కోదాడ ఆయన. బస్ డిపోల మెకానిక్ చేసి రిటైరైండు కాబట్టి అందరం డిపో బాబాయ్ అంటుంటిమి. (మా తుంగతుర్తి దిక్కు కాకా అంటం గని, కోదాడోళ్లకు బాబాయ్ అంటెనే పానం.) ఆయన దగ్గర మీటల ఫోనే ఉండె. ఇంట్ల పిన్ని ఫోన్ ఖాళీగ ఉన్నప్పుడు గ్రూపు జూస్తుండె. అందుకే ఆయన బొమ్మలు నెలకొకటి పడితే గొప్ప. పడ్డనాడు మాత్రం సేటు మాటలు ఫోన్ల పట్టకపోతుండె.

ఆ ఏడు ఎండకాలానికి ముందు సేటు ఒక సంగతి చెప్పిండు. సూర్యాపేటల ఒక బడి వాళ్లు సెలవుల్ల పిల్లలకు ఈ పని నేర్పుమన్నరట. మూడో ఆదివారం నాడు దుకాణం పైన అందరం కలుద్దాం, ఎవరి పని బాగుంటే వాళ్లే నెల రోజులు నేర్పే సారు అన్నడు. సరిగ్గ అప్పుడే బాబాయ్ మిషన్ మోటర్ కాలిపోయింది. "అబ్బాయ్, రెండు ఆదివారాలు నీ మిషన్ మీద కూర్చుంటానయ్యా, ఏమనుకోకు" అని ఫోన్ చేసిండు. గంత పెద్ద పనిమంతుడు నా రూముకు వస్తనంటే ఏమనుకుంట? గాల్లో తేలిన.

హుజూర్‌నగర్ మీదుగ బస్సుల వచ్చిండు, చంకల ఒక సంచి. తానే గీసుకున్న నెమలి బొమ్మ. పురి విప్పి నిలవడ్డది, ఒక్కొక్క ఈకల మళ్ల సన్న సన్న గీతలు. రెండు వందల పైన బొక్కలు కొట్టిండు. మంచి పలక కింద ఇంకొక మామూలు పలక పెట్టి రెండిటినీ టేపుతోని బిగిచ్చిండు. "ఎందుకు బాబాయ్?" అన్న. "అడుగున ఒకటుంటే పైదాని అంచు పెచ్చులు లేవదయ్యా. అడుగుది అయ్యాక పారెయ్యటమే" అన్నడు. ఆయన కోస్తుంటే చప్పుడు కూడ వేరే తీరుగ ఉండె, నేను కోస్తే పీక పిసికినట్టు ఏడ్సే మిషన్ ఆయన చేతుల కింద మంచిగ గుర్రు పెట్టి నిద్రపోయినట్టుండె.

కోసుకుంటనే ముచ్చట చెప్పిండు. "ముప్పై మూడేళ్లు బస్సు కింద పడుకున్నానయ్యా. డ్రైవరు 'ఓయ్' అంటాడు, సూపరెండెంటు 'ఓయ్' అంటాడు. నా మనవరాలు మాత్రం వాళ్ల టీచర్‌ని సార్ సార్ అని ఎంత ముద్దుగా పిలుస్తుందో. ఒక్క నెల పిల్లలు నన్ను అట్టా పిలిస్తే చాలు." "నువ్వే సారువు బాబాయ్, ఇంకెవడుంటడు?" అన్న. నిజంగనే అన్న. అనుకుంట చాయ గ్లాసు ఇయ్యబోయి మోచేతితోని బల్లను గుద్దిన. బ్లేడు జారింది. ఎడమ దిక్కు మూడో ఈకకు వడ్లగింజంత గాటు పడ్డది. గబగబ మిషన్ బంద్ చేసిన. ఆయన కండ్లద్దాలు పైకి జరుపుకొని, "ఈకకి గాటు పడితే నెమలి చావదులే, చాయ ఇటియ్యి" అన్నడు.

రెండో ఆదివారం పని అయిపోయింది. టేపు ఇప్పి పై నెమలిని తువ్వాలల చుట్టుకున్నడు. అడుగు పలక నా చేతుల పెట్టి, "పారెయ్యకులే, ఉంచుకో. చూసి నేర్చుకో" అన్నడు.

నేను నేర్సుకున్నది ఏందో చెప్త. ఆ వారమంత డ్యూటీ నుంచి రాంగనే ఆ పలకను గరుకు కాగితంతోని రుద్దిన. వెనకాల పెచ్చులు లేసిన కాడ లప్పం పెట్టిన. వార్నిష్ కొట్టిన. శనివారం సాయంత్రం కిటికీ దగ్గర పెట్టి ఫోటో తీసిన. గ్రూపుల పెట్టి కింద "నా చిన్న ప్రయత్నం" అని రాసిన. (చిన్న ప్రయత్నమట! సిగ్గు శరం ఉన్నోడు రాసే మాటనేనా?) ఒక్క గంట పొగడ్తలు చూసుకొని తీసేద్దామనే అనుకున్న, ఒట్టు. బాబాయ్ ది మీటల ఫోన్, పిన్ని గ్రూపు చూడదు, ఎవరికి నష్టం అని లెక్కేసుకున్న. ఐదు నిమిషాలల్ల సేటే ఫోన్ చేసిండు. "శభాష్ తమ్మీ! ఇన్నేండ్లు ఏడ దాసినవ్ రా ఈ చెయ్యి? రేపు తప్పక పట్కరా!" అన్నడు. తీసేసుడు మర్సిపోయిన.

ఆదివారం దుకాణం పైన బల్ల మీద అందరి బొమ్మలు పెట్టినరు. బాబాయ్ కొంచెం లేటుగ వచ్చిండు, ఇస్త్రీ చేసిన తెల్లంగి, చేతుల తువ్వాల మూట. మూట ఇప్పి నా నెమలి పక్కన తన నెమలిని పెట్టిండు. పెట్టి, నా దాన్ని జూసి, నన్ను జూసి, నవ్విండు. తన పనినే అందరికి చూపిచ్చుటానికి నేను ముస్తాబు చేసి తెచ్చిన అనుకున్నడు పాపం. గప్పుడే బడిల డ్రాయింగ్ చెప్పే సారు ఒకాయన రెండు పలకలు లేపి, ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీల వెలుగుకు పట్టిండు. ప్రతి గీతల నుంచి వెలుగు సాఫుగ వచ్చింది. ఎడమ దిక్కు మూడో ఈకల వడ్లగింజంత గాటు కాడ కూడ వచ్చింది. వారం రోజులు రుద్దిన సన్నాసికి ఆ ఒక్క గాటు యాదికి రాలే!

"రెండూ ఒక్కసారే కోసినయి" అన్నడు డ్రాయింగ్ సారు. ఆడున్నోళ్లంత పని తెలిసినోళ్లే, ఇంక చెప్పేదేముంది? ఎవరు కోసిండ్రన్నదొక్కటే తేలాలె. "బాబాయ్, నీ మిషన్ కాలిపోయిందంటివి కదా, మరి నువ్వెట్ల కోసినవ్?" అనడిగిండు సేటు. "ఈ అబ్బాయి రూములో కోశాను" అన్నడు బాబాయ్. "ఫోటో అయితె నిన్ననే తమ్ముడు 'నా చిన్న ప్రయత్నం' అని పెట్టిండు" అన్నరెవరో. అందరు నా దిక్కు తిరిగిండ్రు. బాబాయ్ కూడ తిరిగిండు, ఏ రంది లేకుంట, ఇగ నేను చెప్తే అయిపోతదని. సేటు అడిగిండు, "చెప్పు తమ్మీ, ఎవరు కోసిండ్రు?"

నేనన్నది రెండే మాటలు. "మిషనైతె నాదే."

అబద్ధమాడలే. ఇన్నేండ్ల నుంచి నాకు నేను చెప్పుకునే మాట ఇదే, చూడు, ఒక్క అబద్ధం కూడ ఆడలే నేను! మిగిలింది వాళ్లే అల్లుకున్నరు. "పెద్దమనిషివి, పోరని పని నీదని తెచ్చుడేంది బాబాయ్" అని ఒకడు, "వయసుల గిట్లనే ఆశ పుడతది" అని ఇంకొకడు. బాబాయ్ డ్రాయింగ్ సారు చేతుల నుంచి తన పలక తీసుకున్నడు. నెమలిని తువ్వాలల చుట్టుకున్నడు. మెట్లు దిగేటప్పుడు సేటు "చాయ తాగి పో బాబాయ్" అంటే, "బస్సుందయ్యా" అన్నడు. ఆ సాయంత్రమే గ్రూపుల నుంచి పిన్ని నంబరు బయటికి పోయింది.

ఆ ఎండకాలం నెల రోజులు ఆదివారాలు ఆదివారాలు పిల్లలు నన్ను సార్ సార్ అన్నరు. కీచైన్లు, పేరు పలకలు నేర్పిన. ఈకలు ఎట్ల కోయాలె సార్ అంటే, అది పెద్ద క్లాసోళ్లకు అన్న.

వానలు మొదలైనంక ఇగ ఉండలేక కోదాడ పోయిన. బాబాయ్ వాకిట్ల ఎవరిదో టేబుల్ ఫ్యాన్ ఇప్పుకొని కూసున్నడు. పిన్ని నన్ను గుర్తుపట్టి లోపలికి పోయింది, మళ్ల రాలే. "బాబాయ్, తప్పయిపోయింది. గ్రూపుల నిజం రాస్త" అన్న. ఆయన తల లేపకుంటనే, "రాస్తే రాయి. దానికి నన్నడగటానికి వచ్చావా ఇంత దూరం?" అన్నడు. ఫ్యాన్ రెక్క ఊడదీసుకుంట, "పిల్లలకి ఈక మొన మలుపు చూపించావా?" అన్నడు. "చూపిచ్చిన బాబాయ్" అన్న. ఇది మాత్రం నికార్సైన అబద్ధం. "ఎట్టా తిప్పమన్నావు?" అన్నడు. నాకు తోచింది చెప్పిన. ఫ్యాన్ పక్కన పెట్టి, లేసి వచ్చి, పక్కనున్న అట్టముక్క నా చేతుల పెట్టి, నా మణికట్టు పట్టుకున్నడు. "అట్టా తిప్పితే మొన తెగుద్దయ్యా. బ్లేడు వీపుకి పళ్లుండవు. కాస్త వెనక్కి జరిపి, వీపు ఆనించి, అక్కడ పలకని తిప్పు. ఊఁ, మళ్లీ. మళ్లీ తిప్పు. పిల్లలకి తప్పు నేర్పకు." పదిసార్లు తిప్పిచ్చిండు. తిట్టిండా అంటే తిట్టలే. తిడితే బాగుండు, చెంప మీద ఒక్కటి కొడితే ఇంకా బాగుండు.

గ్రూపుల నిజం రాసిన్నా? రాయలే. టైపు చేసుడు, చెరిపేసుడు. తర్వాత సేటు పానం బాగలేక అడ్మిన్ పని నాకే అప్పజెప్పిండు, అడ్మిన్ రాస్తే ఏం బాగుంటది అనుకున్న. బాబాయ్ కి ఆ సంగతన్న చెప్పుదామని మళ్ల కోదాడ పోదామనుకున్న, పోలే. ఇగ పోయినా ఆ వాకిట్ల ఆయన లేడు. ఇప్పుడు మా గ్రూపుల నూటయాభై మందిమి. ఆ మలుపు ఒక్కటి నాకు మస్తు బాగ వస్తది, అందరు దాన్నే మెచ్చుకుంటరు. మొన్న కొత్తగ చేరిన టీచరమ్మ ఒకామె నా చేతుల దిక్కే చూసుకుంట, "సార్, ఈ మలుపు ఎవరి దగ్గర నేర్సుకున్నరు?" అనడిగింది. ఎంత మంచి అవకాశం! నోరు తెరిసిన. "యూట్యూబుల" అన్న.

ఇంటికొచ్చి అద్దంల చూసుకుంటే నవ్వొచ్చింది. ఇరవై మూడేండ్ల పోరడంటే తెలివి లేకుండె, పొగడ్త పిచ్చి ఉండె, పోనీ అనుకుందాం. మరి గీ నెత్తి నెరిసినోనికేమొచ్చె?