మిరపఘాటని చెప్పాను

ఎన్నో ఏళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. దించుకునే చోటు దొరక్క మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు.

సాగర్ కాలువ ఇంకా మా వైపు రాని రోజులు. కల్లంలో మిరపకాయ ఎండుతోంది. రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి మా పిన్ని కూతురు సుబ్బులు సాయం వచ్చింది. పెళ్లయిన పిల్ల. మొగుడు మిలిటరీలో ఉన్నాడు, అత్తగారిది మార్టూరు దగ్గర పల్లె. మధ్యాహ్నం అందరం అన్నాలకు వెళ్తూ దాన్ని కాపలా ఉంచాం. ఉంచింది నేనే. తిరిగి వచ్చేసరికి పాకలో ఓ మూల ముడుచుకుని కూర్చుంది. గాజులు పగిలి మణికట్టు గీరుకుపోయింది.

"అక్కా, మీ మరిది... నోరు నొక్కేశాడే. వద్దని ఎంత మొత్తుకున్నా ఇనలేదే."

నేనేమన్నానో తెలుసా?

"నోర్ముయ్యి. మీ అత్తకి తెలిస్తే గుమ్మం తొక్కనిచ్చుద్దా? ఎవరన్నా అడిగితే ఘాటు పడలేదని చెప్పు."

మిరపకల్లంలో ఏడుపుకి ఎవరూ కారణం అడగరు. అందరి కళ్లూ ఎర్రగానే ఉంటాయి. అందుకే ఆ మాట నాకంత తేలిగ్గా దొరికింది. పగిలిన గాజుముక్కలు ఏరి కొంగున కట్టుకున్నాను. దాని చెయ్యి మాత్రం పట్టుకోలేదు.

ఎందుకలా చేశాను? పరువు కోసమని సర్దిచెప్పుకున్నాను. ఎవరి పరువు? దానిదా? కాదు. సంగతి బయటపడితే మా అత్తగారు తప్పంతా మా వాళ్ల మీదికి నెట్టి, నన్ను పుట్టింటికి తరిమేస్తుందని, నా పిల్లలు నాకు దూరమవుతారని భయం. నా కాపురం నిలబెట్టుకోవడానికి దాన్ని మనసారా ఏడవనైనా ఏడవనివ్వలేదు.

అత్తారింటికి వెళ్లాక సుబ్బులు అన్నం మానేసింది. కారం వాసన తగిలితే వణికేదట. చివరికి అత్తతోనే చెప్పుకుంది. ఆవిడ నేరుగా మా కల్లానికి వచ్చి, నిజమేనా అని నన్నడిగింది. దేవుడు ఇంకో అవకాశం ఇచ్చాడు. అదీ చేజార్చుకున్నాను.

"అబ్బే, ఘాటు పడలేదండీ, అంతే. లేనిపోనివి ఊహించుకుంటోంది."

"నా కోడలు అబద్ధం చెప్పదమ్మా" అని ఆవిడ వెనక్కి తిరిగింది.

గుమ్మం తొక్కనివ్వదని నేను బెదిరించిన ఆ మనిషే దాన్ని పక్కలో పడుకోబెట్టుకుని, ఉలిక్కిపడి లేచినప్పుడల్లా "నీ తప్పేం లేదమ్మా" అనేదట. ఇంట్లో కారం దంచడం మానేసి కూరలన్నీ మిరియాలతో వండిందట. మా వైపు కొంపలో కారం లేని కూర! మగవాళ్లు గొణిగితే, ఇష్టమైతే తినండి, లేకపోతే లేవండి అందట. కొడుకు సెలవు మీద వస్తే తనే కూర్చోబెట్టి చెప్పి, దాన్ని ఒక్క మాటన్నా ఊరుకోనందట. సుబ్బులు మెల్లగా తేరుకుంది. ఇప్పటికీ కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు ఉండదు. ఇవన్నీ పిన్ని చెప్పగా విన్నవే. సుబ్బులు నాతో మాట్లాడదు. మాట్లాడమని అడిగే ముఖం నాకు లేదు.

మా మరిది? ఊళ్లో తగవులు తీర్చే పెద్దమనిషి. రెండు పూటలా నా చేతి అన్నమే తింటాడు.

మొన్న కల్లంలో కాయలు ఏరుతుంటే నా కళ్లు కారాయి.

"ఘాటు పడలేదా అమ్మా?" అంది మా అమ్మాయి.

"ఘాటు కాదే. ఏడుస్తున్నా."

ఎందుకని అడిగింది. వాళ్ల బాబాయి చేసింది చెప్పాను. నేను చేసింది కూడా చెప్పాను. అది చేతిలో కాయలు కింద పడేసి, నా పక్కనుంచి లేచి, దూరంగా వెళ్లి కూర్చుంది.

కూర్చోనీ. చెప్పాను.