నేను సంతకం పెట్టని బరువు

నేరేడ్‌మెట్ దాటాక రోడ్డు పక్కనున్న లారీల కాంటాలో నేను ఆరేళ్లు పనిచేశాను. ఓడ ఎక్కే ప్రతి కంటైనర్‌కూ ముందే తూకం సర్టిఫికెట్ ఉండాలి. నిండు కంటైనర్‌తో లారీని తూచి, అందులోంచి లారీ బరువు తీసేసేవాళ్లం. మిగిలినదాన్ని రాసి, ముద్ర వేసి, నేను సంతకం పెట్టేదాన్ని.

ఒక మధ్యాహ్నం గ్రానైట్ పలకల కంటైనర్ వచ్చింది. డ్రైవర్ మాకు పాతవాడే. బోయిగూడలో ఉంటాడు. నెమ్మదస్తుడు, బండి కూడా అంతే నెమ్మదిగా కాంటా ఎక్కించేవాడు.

ఆరోజు తూకం, ఉండాల్సిన దానికన్నా మూడు టన్నులు ఎక్కువ చూపించింది. నమ్మబుద్ధి కాక లారీని దింపించి మళ్లీ ఎక్కించాను. అదే అంకె.

“అన్నా, కొన్ని పలకలు దింపిస్తేనే సర్టిఫికెట్ ఇస్త,” అన్నాను.

అతడు సరుకు పంపినవాళ్లకు ఫోన్ చేశాడు. అవతలి అరుపులు నాకూ వినిపించాయి.

“దింపేది లేదంట చెల్లె. ఇంకో కాంటా కాడికి పొమ్మంటున్రు. ఆడ మాట్లాడిన్రంట.”

“పోకన్నా. రేవుకు పోయే దారిల ఘాట్ రోడ్డుంది, ఇంత బరువుకు బ్రేకులు పట్టయి.”

“నాకు తెల్వదా? నేను దిగితే ఇంకొకడెక్కుతడు. బండి నాది గాదు. ఏం చేయమంటవ్ చెప్పు?”

మా ఓనర్‌కు ఫోన్ చేస్తే, “మనం ఇయ్యలే గదా, మనకేంది పరేషాన్?” అన్నాడు. లారీని ఆపే హక్కు నాకు లేదు. అది రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

మూడో రోజు తెలిసింది, ఘాట్ రోడ్డు దిగుతుంటే బోల్తా పడిందని. వారానికి అతణ్ని సికింద్రాబాద్ పెద్దాసుపత్రికి తెచ్చారు. చూడ్డానికి వెళ్తే, దుప్పటి కింద కుడికాలు మోకాలి దాకానే ఉంది. అతడు కళ్లు తెరవలేదు. భార్య నా చెయ్యి పట్టుకుంది.

“జోరుగ నడిపిండని కేసు రాసిన్రు. ఈయన జోరుగ నడుపుతడా? నువ్వే చెప్పు.”

కంప్యూటర్‌లోంచి ఆనాటి తూకం చీటీ తీసుకుని, బస్సెక్కి, కేసు రాసిన ఠాణాకు వెళ్లాను. అక్కడ కేసుల ఫైళ్లు చూసే రైటర్ చీటీ చదివి, ఫైల్లోంచి రెండో కాంటావాళ్ల సర్టిఫికెట్ తీసి నా ముందు పెట్టాడు. అందులో బరువు రూలు ప్రకారమే ఉంది.

“దీనికి ముద్ర ఉంది, సంతకం ఉంది. మీది ఉత్త చీటీ మేడమ్.”

“ఎక్కువ బరువుకు సంతకం పెట్టనన్న సార్, అందుకే లేదు. పోనీ, ఆ పలకలు మళ్లీ తూపియ్యండి.”

“అవెప్పుడో క్రేన్‌తో ఎత్తుకపోయిన్రు.”

బయటికొచ్చేసరికి డ్రైవర్ భార్య ఫోన్. “ఏమన్నరమ్మా?”

“చూస్తమన్నరు,” అన్నాను. అలా ఎవరూ అనలేదు.

కేసు డ్రైవర్ మీదే నిలిచింది. లైసెన్సు పోయింది. నేను ఇంకా రెండేళ్లు అదే కుర్చీలో కూర్చుని సర్టిఫికెట్లు రాశాను. మానేసి ఏం చేయాలో నాకూ తెలియలేదు.