మామ ఎంచిన ఒంటిచేతి మిషను

మామ పోయిన సంగతి నాకు ప్రెస్సులో ఉండగా తెలిసింది. పెళ్ళిపత్రికలు మడత పెడుతుంటే మా అమ్మ ఫోన్ చేసింది. "అంగడి మామ పోయినాడంట్రా. స్నానం చేసొచ్చి కుర్చీలో కూర్చున్నోడు అట్లే పోయినాడంట. బిరీన రా" అనింది. చేతిలోని పత్రిక సగం మడతలో వదిలేసి వచ్చాను. దారిలో బజారు మీదుగా వస్తే, ఆయన కాఫీపొడి అంగడి షట్టరు కిందికి దింపి ఉంది. పనిరోజు ఆ వేళప్పుడు అది మూసి ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ అంగడి ముందు ఒక్కసారైనా నిలబడినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. బళ్ళారిలో ఎన్నో ఇళ్ళల్లో పొద్దున్నే దిగేది ఆయన పొడి డికాషనే. అందుకే అంగట్లో మామ మీకు తెలుసు. మీరు చూడనిది ఇంట్లో మామను. మా ఇళ్ళకు మధ్య ఒకటే గోడ. చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళది తరాల వ్యాపారం, మాది చర్చికి పోయే కుటుంబం. మా నాన్న యశ్వంతనగర్‌లో ఇనుప గనిలో పనిచేసేవాడు, వారానికి ఒకసారి ఇంటికి వచ్చేవాడు. అందువల్ల నేను ఎక్కువగా పెరిగింది గోడకు అవతలి వైపే. ఆయన నాకు మామ, ఆమె అత్త.

కొత్తగా వచ్చినవాళ్ళకు తూకం వేసేముందు ఆయన మూడు ప్రశ్నలు అడిగేవాడు. "ఇంట్లో ఎంతమంది తాగుతారు? పాలు ఎనుమువా, ప్యాకెట్టువా? కాఫీ కలిపేది ఎవురు?" మూడోదానికి చాలామంది నవ్వేవాళ్ళు. మామ నవ్వేవాడు కాదు. కలిపే మనిషికి ఓపిక ఉంటే ఒక రకం, పనికి పరుగెత్తే మనిషి అయితే ఇంకో రకం మర పట్టేవాడు. "నేనమ్మేది పొడేప్పా, కాఫీ అయ్యేది మీ ఇంట్లో" అనేవాడు. ఎవరింటికి ఏ మర, ఎంత చికోరీ, అంతా తలలోనే ఉండేది.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా ప్రెస్సులోనే. కార్మికుల కరపత్రం, రైతుల కరపత్రం, కొండలను కాపాడమనే కరపత్రం, ఏది అచ్చుకు వచ్చినా మడత పెట్టేలోగా చదివేసేవాణ్ణి. సాయంత్రానికి మామ ముందు నిలబడి దాన్ని అప్పజెప్పేవాణ్ణి. ఆయన నా పేరు ఎప్పుడో మానేశాడు. "ఏమప్పా కరపత్రం, ఈ పొద్దు ఎవురి మీద?" అని పిలిచేవాడు. అంతా విని, చివర్న "సాకా, సాలునా? ఇంగా ఉండాదా?" అని ఒక కప్పు నా చేతికిచ్చేవాడు. వాదనలో ఎప్పుడూ నన్ను ఓడించలేదు. ఓడించాలని ప్రయత్నించినట్టు కూడా నాకు గుర్తులేదు.

రెండేళ్ళ కిందట అత్తకు పక్షవాతం వచ్చింది. కాలు మెల్లగా తిరిగి పనిలో పడింది కానీ కుడిచెయ్యి పడలేదు. అంతకుముందు ఆ ఇంట్లో తొలి డికాషన్ దించేది ఆమే. ఇప్పుడు కాఫీ కావాలంటే కోడలిని అడగాలి. కోడలు మంచిదే, విసుక్కునే రకం కాదు. అయినా పిల్లలకు క్యారియర్లు కట్టే వేళ, బట్టలు ఆరేసే వేళ, ఎప్పుడూ ఏదో పని చేతిలో ఉంటుంది. కొన్నాళ్ళు చూసి అత్త "నాకొద్దులే, అలవాటు తప్పింది" అనేసింది. ఇంట్లో అందరూ నమ్మారు. మామ నమ్మలేదు. ఆమె మానేసింది కాఫీని కాదు, అడగడాన్ని. ఈ ముక్క ఆయన నాకు చాలా ఆలస్యంగా చెప్పాడు. అది తెలియకుండానే నేను ఆయనతో మిషను కొనడానికి పోయాను.

షోరూముకు నా బండి మీదే వెళ్ళాం. పాడ్ కాఫీ మిషన్లు వరసగా పెట్టి ఉన్నాయి. వేలెడంత అల్యూమినియం డబ్బీలో ఒక కప్పుకు సరిపడే పొడి నింపి సీలు చేసి అమ్ముతారు. డబ్బీని మిషన్లో వేసి మీట నొక్కితే ఒక్క కప్పు వస్తుంది, డబ్బీ చెత్తలోకి పోతుంది. నలభై ఏళ్ళు పొడి మర పట్టిన మనిషి దీన్ని కొనడమేమిటని నాకు దారి పొడుగునా మంట.

మామ కుడిచెయ్యి జేబులో పెట్టుకొని, ఎడమ చేత్తోనే ఒక్కో మిషనునూ తాకి చూస్తున్నాడు. మొదటిదాని మూత పైకెత్తితే మిషనంతా పైకి లేచింది. రెండోదాని పిడి కిందికి లాగితే బల్ల మీద జారింది. మూడోదాని నీళ్ళ తొట్టి వెనకాల ఉంది, తీసి నింపుకోవాలి.

అక్కడి అమ్మాయి "సార్, ఇది లేటెస్ట్ మోడల్, ఫ్లేవర్లు చాలా వస్తాయి" అంది.

"ఫ్లేవరు నా అంగట్లో ఉండాదిలేమ్మా. ఇది మూస్తే జరుగుతాండాది సూడు. పక్కది సూపీ."

"రెండు చేతులతో పట్టుకోండి సార్, జరగదు."

"రెండు చేతులుంటే నీ మిషను ఎందుకమ్మా?" అన్నాడు మామ.

ఆ మాట నా చెవిన పడింది, తలకెక్కలేదు. నేను డబ్బీల పెట్టె మీది అక్షరాలు చదువుతూ ఉడికిపోతున్నాను. చివరికి ఆయన ఎంచింది అన్నింటిలోకీ బరువైనది, చూపుకు ముద్దు లేనిది. పిడి వెడల్పుగా ఉంది, అరచేత్తో తోస్తే మూసుకుంటుంది. నీళ్ళ తొట్టి పక్కన ఉంది, ఉన్నచోటే గ్లాసుతో పోయవచ్చు. మీటలు రెండే.

ఇంటికి తెచ్చాక వారం రోజులు ఆయనే ఎడమ చేత్తో చేసి చూశాడు, చెయ్యి ఎక్కడ తడబడుతుందో తెలుసుకొని అత్తకు చెప్పడానికి. ముందు ఉత్త వేడినీళ్ళు ఒకసారి కప్పులోకి పట్టి పారబోయాలి, లేకపోతే కప్పు చల్లగా ఉండి కాఫీ చచ్చిపోతుంది. దీపం మిణుకుమిణుకుమనడం ఆగేదాకా మీట ముట్టకూడదు. పాలు పొద్దున కాచి ఫ్లాస్కులో పోసి పెడితే, పైన నొక్కగానే వస్తాయి. ఇంతే. నెల తిరిగేసరికి అత్త రోజుకు రెండు కప్పులు, ఎవరినీ పిలవకుండా, తన వేళకు తను తాగుతోంది.

సరిగ్గా అప్పుడే నేను నా ఘనకార్యం చేశాను.

వాళ్ళ చెత్తబుట్టలో రోజూ ఆ డబ్బీలు కనపడేవి. ముందు ఇంట్లోనే మామతో గొడవ పెట్టుకున్నాను. "ఒక్క గుటక కోసం కొండలు తవ్వుతాండారు మామా! మా నాయన ఊపిరితిత్తుల్లోకి పోయిన దుమ్ము సాలదా?"

"ఆడ తీసేది ఇనుము గదప్పా, ఇది అల్యూమినియం."

"తవ్వడం తవ్వడమే!"

"అదీ నిజమే" అన్నాడు. ఆ ఒప్పుకోవడం నాకు ఇంకా కోపం తెప్పించింది. మర్నాడు పొద్దున, వాళ్ళ చెత్తలోంచి నేను ఏరి మూటకట్టి దాచిన డబ్బీలన్నీ దారానికి గుచ్చి దండ కట్టి, అంగడి షట్టరుకు వేలాడదీశాను. కింద ఒక కాగితం: "ఈ ఇంట్లో తాగిన కాఫీలు ఇవి. భూమి మిగిలేదెంత?" బజారంతా నవ్వింది. ఎవరో ఫోటో తీశారు. అది కోడలి ఫోనుకు వచ్చింది, కోడలి ఫోనులో అత్త చూసింది. ఆ మధ్యాహ్నం నుంచి ఆమె మిషను దగ్గరికి పోలేదు.

మామ మూడో రోజు ప్రెస్సుకు వచ్చాడు. తిడతాడనుకొని నేను ముందే జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆయన స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

"దండ బాగా కట్టినావప్పా. అవి ఎవురు తాగినవో తెలుసునా?"

"నువ్వే."

"నేను అంగట్లో తాగుతా. అవన్నీ మీ అత్తవి. ఒక్కొక్కటీ ఎవురినీ అడక్కుండా తాగినది. ఇప్పుడు మళ్ళా అలవాటు తప్పిందంటాంది."

షోరూములో జేబులో ఉండిపోయిన చెయ్యి నాకు అప్పుడు అర్థమైంది. మామే లేచి, "నీ మాటలో అబద్ధం లేదు. చెత్త చెత్తే. సుమ్నె కూర్చోకుండా ఏమన్నా చేద్దాం పా" అన్నాడు.

ఆ సాయంత్రం అత్త ముందుకు పోయి "తప్పయింది అత్తా" అన్నాను. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, "దండ షట్టరుకేసినావు కాబట్టి సరిపాయ. నా ఫోటోకేసింటే?" అంది. కుర్చీ చూపించి, "కూర్చో పిచ్చోడా" అంది.

మళ్ళీ మళ్ళీ నింపుకునే స్టీలు డబ్బీలు దొరుకుతాయని మిషను పెట్టెలోని కాగితంలో చదివింది నేనే. తెప్పించాం. దాంట్లోకి పొడి నింపింది మాత్రం మామ. అక్కడ ఆయన చేసిన పొరపాటు ఆ అంగడి మనిషి తప్ప ఇంకెవరూ చేయరు. తన పేరుపడ్డ పొడే, చికోరీ బాగా కలిసినది, ఇత్తడి ఫిల్టరులో అణిచినట్టు బొటనవేలితో అణిచి నింపాడు. మిషను మూలిగింది, వణికింది, తర్వాత పిడి పక్కనుంచి గోడ మీదికి ఒక్క చిమ్ము చిమ్మింది. మామ జుబ్బా మీద గోధుమరంగు చారలు.

అత్త నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. "నలభై ఏండ్లు ఊరికంతా పొడి అమ్మినాడు! ఇంత డబ్బీ నింపేకి రాలేదు!"

చికోరీకి వేడినీళ్ళు తగిలితే ఉబ్బి జిగురవుతుంది. ఫిల్టరులో ఆ జిగురే మేలు, డికాషన్‌ను మెల్లగా దించుతుంది. ఈ మిషన్లో నీళ్ళు తోసుకుంటూ వస్తాయి, మెల్లగా దిగే ఓపిక వాటికి లేదు. మామ ఎనిమిది రోజులు అంగడి మూసే ముందు చిటికెడు చిటికెడు మర పట్టి ఇంటికి తెచ్చేవాడు. అత్త తాగి "ఉడుకునీళ్ళు" అనేది, "చేదు" అనేది, "ఇది ఎవురికన్నా అమ్ముకోపో" అనేది. తొమ్మిదో రోజు ఏమీ అనకుండా కప్పు ఖాళీ చేసింది. చికోరీ పేరుకు మాత్రమే, మర కాస్త బరక, డబ్బీలో పొడి వదులుగా, పైన గోరంత ఖాళీ. ఇంట్లో ఆ మిషను ఉన్నవాళ్ళు రాసిపెట్టుకోండి. ఒక కప్పుకు ఒక డబ్బీ పారేసే పద్ధతి తప్పని నేను ఇప్పటికీ అంటాను. స్టీలుది కొనుక్కోండి.

ఒక చేత్తో నింపుతుంటే డబ్బీ దొర్లిపోయేది. ప్రెస్సులో పనికిరాని చెక్కదిమ్మె ఒకటి తెచ్చి, డబ్బీ కూర్చునేంత గుంత తొలిపించాను. దాంట్లో పెడితే కదలదు. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కరపత్రానికి పని కూడా వచ్చునే" అన్నాడు. నేను అందుకున్న మెచ్చుకోళ్ళు తక్కువ, వాటిలో ఇది నాకు చాలు.

ఇప్పుడు ఆయన లేని రెండో రోజు సంగతి చెప్పి ఆపేస్తాను.

వాళ్ళింట్లో మనిషి పోతే మూడు రోజులు పొయ్యి ముట్టించరు. అన్నం, కాఫీ చుట్టుపక్కల ఇళ్ళనుంచి వస్తాయి. మా అమ్మ ఫ్లాస్కు నిండా పాలు పంపింది. మధ్యాహ్నం కురుగోడు నుంచి ఒక ముసలి రైతు వచ్చాడు. నెలకోసారి బస్సులో వచ్చి పొడి కొనుక్కుపోయే మనిషి. ఆయనకు కబురు తెలియదు. అంగడి మూసి ఉంటే పక్కవాళ్ళను అడిగి ఇంటికి వచ్చాడు. ఖాళీ సంచి మడిచి ఒళ్ళో పెట్టుకొని, "పొడి కోసం వచ్చినా తల్లీ. నాకెవురూ చెప్పలేదు" అన్నాడు.

అత్త ఆయన ఒళ్ళోని సంచి వైపు చూసింది. "కాఫీ తాగినావా అన్నా?"

"ఇప్పుడేం బేడ తల్లీ, వద్దు."

ఆమె గోడ పట్టుకొని లేచింది. మామ అక్క, మేమంతా పెద్దత్త అంటాం, "యాడికి పోతాండావు?" అంది.

"కాఫీ ఇస్తా. ఊరినుంచి వచ్చినాడు."

"పొయ్యి ముట్టించకూడదని తెలీదా నీకు?"

"పొయ్యి ఎవురు ముట్టిస్తాండారు వదినా? దాంట్లో నిప్పు యాడుండాది?"

"కరెంటు నిప్పు గాదా?"

"అట్లయితే నీ తలమీద ఫ్యాను ఆపమను."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పెద్దత్త తలెత్తి ఫ్యాను వైపు చూసింది, చాలాసేపు చూసింది. ఆఖరికి కొంగు సర్దుకుంటూ, "నాకూ ఒకటి. చక్కెర తక్కువెయ్యి" అంది.

ఇన్నాళ్ళూ అత్త తన కాఫీ తను తాగిందే కానీ, బయటివాళ్ళకు ఎప్పుడూ కప్పు అందించలేదు. ఎడమ చేత్తో ఇవ్వకూడదని. వచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని. లోపల మిషను రొద వినిపించి ఆగింది. ఆమె గడపలోకి వచ్చింది, ఎడమ చేతిలో కప్పు, కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది. సాయం చేద్దామని నేను లేవబోయి, కోడలు కూర్చునే ఉండడం చూసి కూర్చున్నాను. ఒక్కో అడుగూ వేసుకుంటూ హాలంతా దాటి ఆమె ముసలాయన ముందు నిలబడింది. కప్పు చాచే ముందు చెయ్యి ఒక్క క్షణం వెనక్కి తగ్గింది.

ఆయన సంచిని పక్కన పెట్టి, రెండు చేతులూ చాచి కప్పు అందుకున్నాడు.

మిషను ఒకసారికి ఒక్క కప్పే ఇస్తుంది. అత్త వెనక్కి తిరిగి వంటింటి వైపు నడిచింది. గోడవారగా మేము ఇంకా ఏడుగురం ఉన్నాం, మా వంతు కోసం ఎదురుచూస్తూ, ఎవరూ తొందరపడకుండా.