నిమ్మచెట్టుకు కొట్టిన మందు

మూడేళ్ళ కిందట, కెంచార్లహళ్ళిలో మా పట్టుపురుగులు పొర విడిచే ముందు మేత మాని పడుకునే నాలుగో జ్వరం నుంచి లేచి, ఇంకో వారంలో గూళ్ళు కట్టబోతున్నాయి. ఆ రోజు పెరట్లోని నిమ్మచెట్టును సీతాకోకచిలుక పురుగులు కొరికేస్తున్నాయని, టొమాటోకు తెచ్చిన మందు కొట్టాను. తర్వాత చేతులూ కాళ్ళూ శుభ్రంగా కడుక్కున్నాను. మందుకు తడిసిన చీర మాత్రం మార్చుకోలేదు. ఆ కొంగులోనే మల్బరీ ఆకు మోసుకెళ్ళి పట్టుపురుగుల తట్టల్లో వేశాను.

సాయంత్రానికి పురుగులన్నీ తలలెత్తి ఊగుతూ పచ్చటి నీళ్ళు కక్కసాగాయి. మా అత్త నా కొంగు వాసన చూసింది.

"యాడికీ పోలేని జీవాలు గదమ్మా! నువ్వేది వేస్తే అదే తింటాయి," అనింది. తిట్టి ఉంటే బాగుండేది.

గంపలకెత్తి అన్నిటినీ గుంతలో పూడ్చాం.

పది రోజులకు, నిమ్మకొమ్మ మీద మందు నుంచి తప్పించుకున్న పురుగొకటి సీతాకోకచిలుకై బయటికొచ్చింది. నల్లటి రెక్కల మీద పసుపు చుక్కలు. పట్టుపురుగుకు రెక్కలొచ్చినా ఎగరడం చేతకాదు. మనిషి చేతిని నమ్ముకునే బతుకు దానిది. నేను చంపాలనుకున్నది మాత్రం నా కళ్ళ ముందే, తినేవి లేక ముదిరిపోతున్న మల్బరీ తోట మీదుగా ఎగిరిపోయింది.

ఈరోజుకీ తట్టలో ఆకు వేయడానికి నాకు చెయ్యి రాదు.